పోలింగు స్థలము ఎవరికొఱకు?

ఓటుహక్కు రాజ్యాంగమున వ్రాయబడియున్నది. ఓటు వేయవలసిన చోటు మాత్రము జిల్లా కచేరిలో తయారగు ఒక జాబితాలో వ్రాయబడియుండును. ఏ బడిలో, ఏ గదిలో, ఇంటికెంత దూరమున, ఏ దారిన పోయి ఓటు వేయవలయునను విషయము చూచుటకు చిన్న ఏర్పాటువలె కనుపట్టును. కాని ఓటరునకు చోటు తెలియనినాడు హక్కు ఉండియు లేనట్లే. మన పట్టణవాసులును, పట్టణమునకు చేరువగా భూవసతి గల పెద్దలును అభ్యర్థుల గుణగణములను గూర్చి దినములకొలది చర్చించుచుందురు. పోలింగు స్థలమును నిర్ణయించునదెవరు, మార్చునదెవరు, ఆ మార్పును ప్రశ్నించుటకు తమకు గల అవకాశమేమి అను ప్రశ్నలను మాత్రము వేసికొనరు. హైదరాబాదునకు పడమట హైటెక్ సిటీ పరిసరముల స్థితిని నిదర్శనముగా గైకొని ఈ సంగతిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము 25వ సెక్షనులో ఈ భారమును జిల్లా ఎన్నికల అధికారిపై నుంచినది. తన పరిధిలోని ప్రతి నియోజకవర్గమునకును చాలినన్ని పోలింగు కేంద్రములను అతడు ఏర్పఱుపవలెను. అందులకు ఎన్నికల సంఘమువారి అనుమతిని ముందుగా పొందవలెను. ఏ ప్రాంతపు ఓటర్లు ఏ కేంద్రమునకు పోవలయునో తెలుపు జాబితాను ప్రకటింపవలెను. రంగారెడ్డి జిల్లాలో ఈ అధికారి కలెక్టరు. 2025వ సంవత్సరపు జూబిలీహిల్సు ఉపయెన్నికలో హైదరాబాదు జిల్లాకు మహానగర పురపాలక కమీషనరే ఆ పని నిర్వహించెను. షేకుపేటనుండి రాయదుర్గమునకు నడచిపోవు దూరములోనే అధికారి మారిపోవునన్నమాట.

స్థలనిర్ణయమునకు ఎన్నికల సంఘము విధించిన నియమములు మంచివి. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడువవలసిన అవసరము కలుగరాదు. కేంద్రము నేలయంతస్తున నుండవలెను. వృద్ధులును అవయవలోపము గలవారును మెట్లెక్కవలసిన పని యుండరాదు. ప్రభుత్వ భవనములకు, అందును పాఠశాలలకు, ప్రాధాన్యమీయవలెను. పోలీసు ఠాణాలయందును, ఆసుపత్రులయందును, దేవాలయ మసీదు చర్చీలయందును పోలింగు జరుపరాదు. రెండువందల మీటర్ల లోపల ఏ రాజకీయ పక్షపు కార్యాలయమును ఉండరాదు. బలహీనవర్గములవారు నివసించు వాడలలో వారు జంకులేక రాగలచోట కేంద్రముండవలెను. ఈ నియమములన్నిటి వెనుకను ఒకే భావము గలదు: ఓటరు ఎవరి గడప త్రొక్కుటచేతనైనను భయమునకో మొగమోటమునకో లోనుకాకూడదు. పల్లెలలో ఒక ఆసామి చావడిలో ఓట్లు వేయించిననాడు కూలివాని చేయి ఎట్లు వణకునో మన భూస్వాములకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మార్పు చేయుటకును ఒక పద్ధతి గలదు. ఓటర్ల జాబితాలను సవరించుటకు ముందు అధికారులు ప్రతి కేంద్రమును స్వయముగా చూడవలెను. చేరదగిన క్రొత్త కేంద్రములతోను, మార్పదగిన పాతవానితోను ముసాయిదా జాబితాను ప్రకటింపవలెను. గుర్తింపు పొందిన పక్షములకు దాని ప్రతుల నొసగి, వారితోను శాసనసభ్యులతోను సమావేశమై, ఆక్షేపణలను విచారించి, పిదప అనుమతికై పంపవలెను. అనుమతి పొందిన స్థలమును మరల మార్పవలసివచ్చినచో తిరిగి సంఘము అనుమతి కావలెను. కాగితముమీద ఇంతకన్న కోరదగినది లేదు. కాని ముసాయిదా కచేరి గోడకును, వెబ్‌సైటునకును ఎక్కును. పక్షముల ప్రతినిధులు సమావేశమున సంతకములు చేయుదురు. ఓటరునకు పోలింగునాటి ఉదయముననే తన చోటు మారినట్లు తెలియును. ఆక్షేపించుటకు గడువున్ననాడు వార్త అందదు. వార్త అందిననాటికి గడువుండదు.

ఇక పడమటి ప్రాంతమును చూతము. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ అనునవి ఒకప్పుడు గుట్టల నడుమ చెదరియుండిన గ్రామములు. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయి హైటెక్ సిటీని ప్రారంభించెను. 2007 ఏప్రిలులో శేరిలింగంపల్లి పురపాలక సంఘము మహానగరమున విలీనమయ్యెను. నియోజకవర్గముల పునర్విభజన పిదప 2009లో శేరిలింగంపల్లి ప్రత్యేక శాసనసభా స్థానమై మొదటి ఎన్నికను చూచెను. 2023 నాటికి అచ్చటి ఓటర్లు 7 లక్షల 30 వేలకు మించి, తెలంగాణమున అతిపెద్ద నియోజకవర్గముగా పరిణమించెను. కాని ఆ సంవత్సరము నవంబరు 30న రాష్ట్రమున నూటికి 71 మందికి పైగా ఓటు వేయగా శేరిలింగంపల్లిలో నూటికి 49 మందియైనను వేయలేదు.

ఇందులకు పోలింగు స్థలములే కారణమని మేమనుట లేదు. స్వగ్రామమున ఒక ఓటును, పట్టణమున ఒక ఓటును పెట్టుకొని పండుగకు పోయినట్లు ఊరికి పోయి ఓటు వేయువారు కలరు. ఇల్లు మారినను జాబితాలో చిరునామా మార్చుకొనని అద్దెయిండ్లవారు కలరు. 135బి సెక్షను ప్రకారము పోలింగునాడు జీతముతో సెలవొసగుట యజమానుల విధి. ఆ సెలవును విహారమునకు వినియోగించుకొనువారును కలరు. సోమరితనమునకు మందు స్థలనిర్ణయములో లేదు. అయినను, రాదలచినవానికి దారి మూయబడకుండ చూచుట అధికారుల ధర్మము గాదా?

చిక్కు ఇందున్నది. పోలింగు కేంద్రములు పాత గ్రామముల బడులను ఆశ్రయించియున్నవి. ఓటర్లో, గుట్టలు పగులగొట్టి లేపిన ముప్పదేసి అంతస్తుల భవనములయందు కాపురమున్నారు. ఓటర్లు పెరిగినచోట బడులు పెరుగలేదు. అందుచే ఒక్క ప్రాకారములోనే అనేక కేంద్రములు క్రిక్కిఱియును. ఓటరు సరియైన బడికి వచ్చియు తనది కాని వరుసలో గంట నిలుచును. ఒక కేంద్రమునకు 1500 మంది ఓటర్లు అను పరిమితిని ఎన్నికల సంఘము 2025లో 1200కు తగ్గించినది. ఆ సంవత్సరమే బీహారులో ఈ లెక్కన కేంద్రములు 77,895 నుండి 90,712కు పెరిగెను. శేరిలింగంపల్లి ఓటర్లకు పాత లెక్కన కనీసము 490 కేంద్రములు చాలును. క్రొత్త లెక్కన కనీసము 610 కావలెను. ఒక్క క్రొత్త టవరు నిండినను ఒక కేంద్రము చీలవలెను. చీలిన ప్రతిసారియు కొన్నివందల మందికి చోటు మారును. వరుసలు చిన్నవగుట మేలే. కాని మార్పు తెలియనివారికి ఆ మేలే కీడగును.

పురపాలక ఎన్నికలతో ఈ గజిబిజి రెట్టింపగును. అవి రాష్ట్ర ఎన్నికల సంఘము ఆధీనమున జరుగును. శాసనసభ జాబితానే వార్డులవారీగా పంచి, కేంద్రములను వేఱుగ నిర్ణయింతురు. 2020 డిసెంబరు 1న జరిగిన మహానగర ఎన్నికలో సుమారు 74 లక్షల ఓటర్లకు 9,101 కేంద్రము లేర్పడెను. అనగా ఒక్కొక్కదానికి ఇంచుమించు ఎనిమిదివందల మంది. కావున శాసనసభకు ఒక బడిలో ఓటు వేసినవాడు పురపాలకమునకు మఱియొక చోటికి పోవలసివచ్చుట వింత గాదు. నాడు వోట్లు వేసినవారు నూటికి 47 మందికి లోపు. 2025 చివర చుట్టుపట్ల 27 పురపాలికలను కలిపి, వార్డులను 300గా విభజించిరి. ఎల్లలు మారినచోట స్థలములును మారును. ఇట్టి తరుణమున పౌరులు నిద్రించుట తగదు.

బహుళాంతస్తుల భవనములయందును, గేటెడ్ కమ్యూనిటీలయందును కేంద్రములు తెరువవచ్చునని ఎన్నికల సంఘము ఇటీవల సంకల్పించినది. వేలమంది ఓటర్లు ఒక్క ప్రాకారమున నున్నప్పుడు వారి కమ్యూనిటీ హాలులో పోలింగు జరుపుట న్యాయమే. మేము దీనిని స్వాగతించుచున్నాము. కాని ఒక హెచ్చరికతో. ఆ భవనముల గేటువద్ద కావలివాడు పేరడుగును, ఫోను నంబరు వ్రాసికొనును, లోపలివాని అనుమతి లేనిదే పోనీయడు. ప్రక్క బస్తీలోని మేస్త్రీ, ఇంటిపని చేయు స్త్రీ, ఆటో నడుపువాడు అదే కేంద్రపు జాబితాలో నున్నచో ఆ గేటు వారికి ఏమగును? ఆ సంకోచముతోనే వారు రామానినచో, ఒకప్పటి ఆసామి చావడి నేడు అద్దాల మేడయై తిరిగివచ్చినట్లు గాదా? మఱి బస్తీవారిని వేఱు చేసి మేడవారికి మాత్రమే కేంద్రము పెట్టినచో, ధనికుల వరుస యొకటి, పేదల వరుస యొకటి ఏర్పడును. పెద్దవాడును చిన్నవాడును ఒక వరుసలో నిలుచు దినము అయిదేండ్లకొకసారి వచ్చుచున్నది. దానినిగూడ పోగొట్టుకొనుట దేశమునకు శ్రేయము గాదు.

ఇందులకు చట్టములోనే ఉపాయము గలదు. 160వ సెక్షను ప్రకారము పోలింగునకు కావలసిన ఏ భవనమునైనను ప్రభుత్వము స్వాధీనపఱచుకొనవచ్చును. 161వ సెక్షను యజమానికి పరిహారము నిర్ణయించినది. కావున ప్రైవేటు హాలును వాడునపుడు ఆ దినమునకు గేటు, దారి, ఆవరణము సర్వమును ప్రిసైడింగు అధికారి వశమున నుండవలెను. నివాస సంఘమువారి దయాధర్మముపై పోలింగు ఆధారపడరాదు.

ఇతర దేశముల యనుభవమును గమనింపుడు. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు మారికోపా కౌంటీవారు 2012లో రెండువందలకు పైబడియుండిన పోలింగు స్థలములను పొదుపు పేరిట 2016 మార్చిలో 60కి కుదించిరి. జనులు గంటలకొలది నిలిచిరి. కొందఱు అర్ధరాత్రి దాటినపిదప ఓటు వేసిరి. అంతకు మూడేండ్లముందు, 2013లో, కొన్ని రాష్ట్రములు ఇట్టి మార్పులకు కేంద్రప్రభుత్వ అనుమతి ముందుగా పొందవలెనను నిబంధనను అచ్చటి సుప్రీముకోర్టు తీర్పు నిరర్థకము చేసెను. అరిజోనా వానిలో నొకటి. ముందనుమతి యను కంచె ఎంత విలువైనదో దీనివలన తేటపడుచున్నది. మనకా కంచె నేటికిని గలదు. బ్రిటనులో స్థానిక కౌన్సిళ్లు అయిదేండ్లకొకసారి పోలింగు స్థలములనన్నిటిని సమీక్షింపవలెను. ఆ నిర్ణయము నచ్చనిచో ముప్పదిమంది ఓటర్లు కలిసి ఎన్నికల కమీషనునకు విన్నవించుకొనవచ్చును. మన పద్ధతిలో పక్షములకు పిలుపున్నది. ముప్పదిమంది ఓటర్లకు అట్టి గుర్తింపు లేదు.

మన ఎన్నికల యంత్రాంగమునకు శక్తి లేదా యన్నచో, ఉన్నది. 2024లో అరుణాచలప్రదేశమున మలోగామునందలి ఒక్క స్త్రీ ఓటుకొఱకు పోలింగు సిబ్బంది సుమారు 40 కిలోమీటర్లు కొండదారిని పోయిరి. ఆ నిష్ఠకు యావద్దేశమును గర్వించినది. ఒక్క ఓటరుకొఱకు అడవిలో మార్గము వెదకినవారు, లక్షల ఓటర్లుగల శేరిలింగంపల్లిలో వీథి మొగదల ఒక బోర్డు కట్టించలేరా?

మా కోరికలు స్వల్పములు. మొదటిది, ముసాయిదా జాబితాను కచేరి గోడకు మాత్రమే గాక, ప్రతి పాత కేంద్రపు గోడకును, ప్రతి నివాస సముదాయపు గేటునకును, బస్తీ కూడలికిని అంటించవలెను. తెలుగున, ఉర్దూలో, ఇంగ్లీషున వ్రాయవలెను. రెండవది, చోటు మారిన ఓటరు ఇంటికి బూత్ లెవెల్ అధికారి స్వయముగా పోయి తెలుపవలెను. మూడవది, పాత కేంద్రమువద్ద పోలింగునాడు ఒక మనిషి నిలిచి క్రొత్త దారి చూపవలెను. నాలుగవది, ఒక కుటుంబమువారిని వేఱు వేఱు కేంద్రములకు పంచరాదు. అయిదవది, శాసనసభకును పురపాలకమునకును సాధ్యమైనంతవఱకు ఒకే ప్రాకారమును వాడునట్లు రెండు సంఘములవారును సంప్రతించుకొనవలెను. చివరిది, ప్రతి మార్పునకును కారణమును జాబితాలోనే ఒక్క వాక్యముగా వ్రాయవలెను. కారణము వ్రాయవలసివచ్చినచోట పక్షపాతమునకు చోటు తగ్గును.

పాఠకులకు గూడ ఒక మాట. పొలమునకు హద్దురాయి జరిగినదన్న అనుమానము కలిగినచో మన రైతు ఆ రాత్రి నిద్రపోడు. తెల్లవారకమునుపే కరణమువద్దకు పోయినవాడు, నేడు తహసీలుదారువద్దకు పోవును. ఓటరు జాబితాలో తన కేంద్రము జరిగినను అతడు కదలడు. భూమి ఒక కుటుంబపు ఆస్తి. ఓటు దేశమంతటిని పాలించు హక్కులో వానికి గల పాలు. ముసాయిదా వెలువడినపుడు ప్రతి నివాస సంఘమువారును, ప్రతి బస్తీ పెద్దలును దానిని తెప్పించి చదువవలెను. రెండు కిలోమీటర్లకు మించిన దూరమున్నను, మెట్లున్నను, గేటున్నను వ్రాతమూలముగ ఆక్షేపించి రసీదు పుచ్చుకొనవలెను. పోలింగునాడు చేయు ఫిర్యాదు నిట్టూర్పు మాత్రమే. గడువులోపల నిచ్చిన అర్జీ జవాబు చెప్పింపగల ఆయుధము. ఆ ఆయుధమును పౌరులు చేబట్టుదురుగాక యని మేము కోరుచున్నాము.