ఆ బిడ్డ చిన్ననాటి సంగతి ఎవరికి తెలుసు?

మా ఇంట్లో ఏడుగురు పిల్లలు. 2011లో మా నికాహ్ జరిగే నాటికి ఒకరి వైపు నలుగురు, మరొకరి వైపు ఇద్దరు ఉన్నారు. ఆ నలుగురికి తల్లి లేదు, ఈ ఇద్దరికి తండ్రి లేడు. రెండేళ్ల తర్వాత ఇంకో బాబు పుట్టాడు. ఈ ఏడుగురిలో ముగ్గురి మెదడు పనిచేసే తీరు వేరు. మూడోవాడికి ఆటిజం, ఆరో పిల్లకు డిస్లెక్సియా, చివరివాడికి ఏడీహెచ్‌డీ. మాలో ఒకరిది బడిపంతులు ఉద్యోగం. అయినా బి.ఎడ్.లో మేము చదివిన పుస్తకాల్లో ఈ మూడింటికీ కలిపి ఒక పేజీ కూడా లేదు.

మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో పునర్వివాహం చేసుకున్న కుటుంబాలవి చాలానే ఉంటాయి. వారిలో కొందరి ఇళ్లలో ఇలాంటి పిల్లలు ఉంటారు. వాళ్లను ఎవరూ గుర్తించరు. ఎందుకంటే అలాంటి ఇంట్లో బిడ్డ ఏం చేసినా జనం దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: "పాపం, సవతి తల్లి కదా." తెలుగులో ఈ సంబంధానికి మర్యాదైన మాట ఒక్కటీ లేకపోవడం మనం చేసుకున్న పాపమే అనిపిస్తుంది.

మా ఇంట్లో జరిగిందే చూడండి. మూడోవాడు ఎనిమిదేళ్లకు కూడా మాట కలిపేవాడు కాదు. పళ్లెం మారిస్తే అన్నం ముట్టేవాడు కాదు. దగ్గరికి తీసుకుంటే చెవులు మూసుకుని అరిచేవాడు. కొత్త తల్లిని సహించలేకపోతున్నాడని బంధువులు తేల్చేశారు. ఆరో పిల్ల మూడో తరగతిలో వాక్యం చదవలేకపోతే, తండ్రి పోయిన దిగులన్నారు. ఆ తండ్రి పోయేనాటికి దానికి మూడేళ్లు. ఆయన ముఖమే గుర్తులేదు. ఇక చివరివాడు మా ఇద్దరికీ పుట్టినవాడు. వాడికి సవతి తల్లీ లేదు, తండ్రి లేని లోటూ లేదు. వాడు బడిలో బెంచీ మీద రెండు నిమిషాలు కూర్చోకపోతే మాత్రం "ఇద్దరూ కలిసి గారాబం చేశారు" అన్నారు. అంటే ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలకు మూడు కారణాలు దొరికాయి, మూడూ పెద్దవాళ్ల పెళ్లిళ్ల చుట్టూ తిరిగేవే.

ఈ నింద మనవాళ్లు కనిపెట్టింది కాదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండు మంది పిల్లల గురించి రాస్తూ ఆటిజాన్ని వివరించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు పెద్ద పెద్ద వైద్యులే తల్లి మనసు చల్లగా ఉండడం వల్ల బిడ్డ ఇలా అయ్యాడని చెబుతూ వచ్చారు. ఎందరో తల్లులు ఆ మాట మోశారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ రాసిన పుస్తకం దాన్ని గట్టిగా ఎదిరించింది. ఆయన కొడుకుకు కూడా ఆటిజం ఉంది. ఆటిజం పెంపకం వల్ల రాదని, పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా అని నేడు వైద్యశాస్త్రంలో తర్కం లేదు. ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియాలు కూడా అంతే. ఈ మూడింటిలోనూ వంశపారంపర్యం పాత్ర పెద్దది. కానీ అది ఒక జన్యువుతో తేలే లెక్క కాదు, చాలా జన్యువులు కలిసి చేసే పని. కాబట్టి "ఎవరి వైపు నుంచి వచ్చింది" అనే ప్రశ్నకు ఇంట్లో చోటివ్వకూడదు. మా చివరివాడి విషయంలో రెండు వైపుల పెద్దలూ ఇది అవతలి వైపుదేనని తీర్పు చెప్పారు. ఆ రోజు మాకు నవ్వే వచ్చింది.

మరి దిగులును, కోపాన్ని, పుట్టుకతో వచ్చిన తీరును విడదీసి చూడడం ఎలా? నిజానికి మలిపెళ్లి ఇంట్లో పిల్లలకు దిగులు, కోపం కూడా ఉంటాయి. మాకు తెలిసిన దారి ఒకటే. ఆ బిడ్డ చరిత్రను వెనక్కి వెళ్లి తవ్వాలి. దిగులుకు మొదలైన రోజు ఉంటుంది. ఆటిజం లక్షణాలు మొదటి రెండు మూడేళ్లలోనే కనిపిస్తాయి. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు పన్నెండేళ్లలోపే ఉండాలి, అవి కనీసం రెండు చోట్ల కనిపించాలి అని వైద్యుల నియమం. ఇంట్లో ఒక్కచోటే అల్లరి చేసి, బడిలోనూ మక్తబ్‌లోనూ కుదురుగా ఉండే పిల్లవాడి సంగతి వేరుగా ఆలోచించాలి. మావాడు ఇంట్లో, బడిలో, హాఫిజ్‌జీ ముందు, పెళ్లి విందులో అన్నిచోట్లా ఒకేలా ఉండేవాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మలిపెళ్లి ఇంట్లో బిడ్డ చరిత్ర ఒకచోట ఉండదు. 2012లో మూడోవాణ్ణి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు తీసుకెళ్లాం. దాన్ని అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. అక్కడ అడిగిన మొదటి ప్రశ్నలు ఇవి: మొదటి మాట ఎప్పుడు పలికాడు? కావలసిన వస్తువును వేలితో చూపేవాడా? పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడా? వాడి పసితనంలో మాలో ఒకరు కువైట్‌లో ఉన్నారు. మరొకరికి అప్పటికి ఆ బిడ్డే తెలియదు. తెలిసిన తల్లి ఖబరస్తాన్‌లో ఉంది.

ఇక మిగిలింది రాయచోటిలో ఉన్న నానీ. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాక ఆమె మా గడప తొక్కలేదు. ఆమెను తప్పుపట్టలేం. మేమే వెళ్లాం. మొదటిసారి టీ ఇచ్చి పంపేసింది. రెండోసారి ఏడ్చింది. మూడోసారి కూర్చుని చెప్పింది. ఏడాదిన్నర పిల్లవాడు చింతపిక్కలు వరుసగా పేర్చేవాడట, ఒక్కటి కదిపినా గోల. సైకిలును తిరగేసి చక్రం తిప్పుతూ గంటలు గడిపేవాడు. బిస్కెట్ కావాలంటే వేలు చూపకుండా ఆమె చెయ్యి పట్టుకుని డబ్బా దగ్గరికి లాక్కెళ్లేవాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకునేవాడు. ఇదంతా కొత్త తల్లి ఈ ఇంటికి రావడానికి ఆరేళ్ల ముందు సంగతి. ఆ మాటలు రాసుకుని వెళ్లాక అక్కడివారికి నిర్ధారణ చేయడం సులువైంది. ఒక నింద కూడా తొలగింది. చనిపోయినవారి పుట్టింటితో సంబంధం నిలుపుకోవాలని మేము చెప్పేది మర్యాద కోసం మాత్రమే కాదు.

ఆటిజం ఉన్న బిడ్డకు మరణం గురించి చెప్పే పద్ధతి కూడా వేరుగా ఉండాలి. "అమ్మీ ఊరెళ్లింది" అని ఎవరో చెప్పారు. మావాడు ప్రతి సాయంత్రం బస్సు వేళకు గుమ్మంలో నిలబడేవాడు. ఇలాంటి పిల్లలు మాటను మాటగానే తీసుకుంటారు. "అమ్మీ చనిపోయింది. ఆమె శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఆమె తిరిగి రాదు" అని, ఖబర్ చూపించి చెప్పాం. కఠినంగా వినిపిస్తుంది గానీ, వారం రోజుల్లో గుమ్మం దగ్గర నిలబడడం మానేశాడు. కొత్త తల్లిని అమ్మీ అనమని వాణ్ణి ఎప్పుడూ అడగలేదు. ఛోటీ అమ్మీ అంటాడు. అమ్మీ అంటే వాడికి ఒక్కరే.

ఆ రోజుల నుంచే ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉంది. పేరు "వాడి పుస్తకం". అందులో ఏం తింటాడు, ఏ బట్ట గుచ్చుకుంటుంది, ఏ శబ్దానికి భయపడతాడు, భయపడితే ఏం చేయాలి, ఏ మందు పడలేదు, ఏ డాక్టరు ఏమన్నారు అన్నీ తేదీలతో ఉంటాయి. ఎవరి చేతిలో వాణ్ణి వదిలినా ముందు ఆ పుస్తకం ఇస్తాం. ఈద్ బట్టల మెడ దగ్గరి లేబుల్ కత్తిరించాలని అందులోనే ఉంది. రంజాన్‌లో అన్నం వేళలు, నిద్ర వేళలు మారతాయి కనుక నెలవంకకు పది రోజుల ముందు నుంచే గోడ మీద బొమ్మల క్యాలెండర్ మార్చాలని కూడా ఉంది.

ఆరో పిల్లకు అలాంటి పుస్తకం అక్కర్లేదు. దానికి అక్షరాలతోనే పేచీ. వ, ప, మ, య లలో ఏది ఏదో తేల్చుకోలేక పోయేది, వత్తులు వచ్చేసరికి కళ్లనీళ్లు పెట్టుకునేది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబ్బీ. ఒక లిపి ఎడమ నుంచి, మరొకటి కుడి నుంచి. అయితే విన్న సూరాలను అందరికంటే ముందు కంఠస్థం చేసేది. మక్తబ్‌లో తెలివైనదన్నారు, బడిలో మొద్దన్నారు. ఆ రెండు మాటలనూ ఒకచోట పెట్టి చూస్తే లోపం తెలివిలో లేదు, చదివే దారిలో ఉందని అర్థమవుతుంది. 2023లో పదో తరగతి అదనపు సమయంతో రాసి పాసయింది. ఆ సదుపాయం కావాలంటే సర్టిఫికెట్‌తో హెడ్మాస్టరును పరీక్షల ముందు కాదు, విద్యా సంవత్సరం మొదట్లోనే కలవాలి. ఉపాధ్యాయులుగా ఇది గట్టిగా చెబుతున్నాం.

మిగతా నలుగురి మాట కూడా చెప్పాలి. "వాడికైతే పర్లేదు, మాకైతే తిట్లా?" అని రెండోవాడు పదమూడేళ్ల వయసులో అడిగాడు. అందరికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదని వాడికి ఉపన్యాసం ఇస్తే ఎక్కదు. వారంలో ఒక సాయంత్రం వాడితో ఒక్కడితోనే బజారుకు వెళ్లడం మొదలుపెట్టాం. పెద్దగా మాట్లాడుకునేది ఏమీ ఉండదు, మిర్చి బజ్జీ తిని వస్తారు. పెద్దయ్యాక తలెత్తే చిక్కు ఇంకొకటి. తల్లీ తండ్రీ ఇద్దరూ వేరైన పిల్లలు ఒకరికొకరు మహ్రమ్ కారు. మూడోవాడికి పద్నాలుగేళ్లు దాటాక స్నానం, గడ్డం పనులు తండ్రి, అన్న మాత్రమే చూస్తారు. స్నానాల గది తలుపుకు ఎరుపు, పచ్చ అట్టముక్కలు వేలాడదీశాం. ఎరుపు ఉంటే వాడు తలుపు తట్టడు. చెప్పిన మాట కంటే కనబడే గుర్తు వాడికి నయం.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది చదవకుండా పేజీ తిప్పవద్దు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించినవి ఏడు రకాలే. అందులో ఆటిజం లేదు, డిస్లెక్సియా లేదు. 2016 చట్టం వాటిని 21కి పెంచి ఈ రెండింటినీ చేర్చింది. అంతకుముందు బిడ్డను చూపించి పేపర్లు లేక వదిలేసినవారు మళ్లీ వెళ్లాలి. మండలంలోని భవిత కేంద్రంలో అడగండి. ఆటిజం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది.

పద్దెనిమిది నిండిన బిడ్డ తన వ్యవహారాలు తాను చూసుకోలేకపోతే, తల్లిదండ్రులు సైతం చట్టం దృష్టిలో దానంతట అదే సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. తల్లిదండ్రులైనా, బంధువైనా చేయవచ్చు. మావాడికి 2021లో పద్దెనిమిది నిండగానే చేశాం. ఆస్తి విషయంలో మన షరియత్ లెక్క వేరు. సవతి బిడ్డ వారసుడు కాడు. ఛోటీ అమ్మీ ఎంత ప్రేమగా పెంచినా, ఆమె ఏమీ రాయకుండా పోతే ఆమె ఆస్తిలో మూడోవాడికి, అలాగే ఆయన ఆస్తిలో ఆరో పిల్లకు, పైసా రాదు. వారసులు కానివారికి వసియ్యత్ ద్వారా మూడో వంతు వరకు ఇవ్వవచ్చు, బతికుండగా హిబా చేయవచ్చు. మేము రెండు వసియ్యత్‌లు రాసి, పెద్ద పిల్లలను కూర్చోబెట్టి చదివి వినిపించాం. మా తర్వాత మూడోవాణ్ణి ఎవరు చూస్తారన్న మాట వచ్చినప్పుడు మొదట ఒప్పుకున్నది రెండోవాడు. పెద్దమ్మాయి తన నిశ్చితార్థానికి ముందే అబ్బాయి ఇంటివారికి తమ్ముడి సంగతి చెప్పింది. వాళ్లు వచ్చి, వాడి పుస్తకం అడిగి చదివి వెళ్లారు.

ఆ పుస్తకం నమూనా, సంరక్షకత్వ దరఖాస్తు నకలు మా దగ్గర ఉన్నాయి. కావలసినవారు ఆదివారం ఉదయం ఇంటికి రావచ్చు. జొహర్ లోపు రండి. ఆ తర్వాత మావాడి నిద్ర వేళ. గేటు గొళ్లెం చప్పుడు కాకుండా తీయండి, కాలింగ్ బెల్ నొక్కవద్దు.