చేతులు మారు సాకే సీసా

బియ్యముతో చేయు జపాను దేశపు మద్యమునకు సాకే అని పేరు. దుకాణములో మూడు వేల యెన్ల ప్రాంతమున అమ్ముడగు ఒకానొక సాకే సీసా, కొద్ది దినములలోనే మరియొకని చేతిలో దానికి నాలుగైదు రెట్లు పలుకుచున్నది. మరికొన్ని అపురూపమైన సీసాలు లక్ష యెన్లను సైతము దాటుచున్నవి. కొన్నవాడు త్రాగుటకు కొనలేదు. తిరిగి అమ్ముటకే కొన్నాడు. ఈ మారుబేరము ఎట్లు నడచుచున్నదో, అందు లాభపడువారెవరో, నష్టపడువారెవరో పరిశీలింతము. మద్యపానమును ప్రశంసించుట మా ఉద్దేశము కాదు. ఒక వస్తువు యొక్క విలువయు, దాని వెలయు ఎట్లు వేరు దారులు పట్టునో చూచుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

మొదట వస్తువును తెలిసికొందము. బియ్యపుగింజ పైపొరలలో మాంసకృత్తులును క్రొవ్వును హెచ్చుగా నుండును. అవి పానీయమునకు మోటుదనము తెచ్చునని ఆ పొరలను అరగదీసి, నడిమి భాగమునే ఉంచుకొందురు. గింజలో నూటికి 60 పాళ్లు లేక అంతకు తక్కువ మిగులునట్లు అరగదీసినచో ఆ మేలురకమును గిన్‌జో అనియు, 50 పాళ్లు లేక అంతకు తక్కువ మిగిలినచో దాయ్‌గిన్‌జో అనియు పిలుతురు. దస్సాయ్ అను ప్రసిద్ధమైన సాకేలో ఒక రకమునకు 23 పాళ్లు మాత్రమే మిగుల్తురు. తక్కిన 77 పాళ్లు తవుడుగను పిండిగను పోవును. ఆవిరిపై ఉడికించిన బియ్యముమీద కోజి అను బూజును పెంచుదురు. ఆ బూజు పిండిపదార్థమును చక్కెరగా మార్చును. ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా మార్చును. ఈ రెండు మార్పులును ఒకే తొట్టిలో ఒకేసారి జరుగుట సాకే ప్రత్యేకత. సీసాకెక్కు వేళకు సాధారణముగా అందు ఆల్కహాలు నూటికి 15, 16 పాళ్లుండును. కోజితో ఇట్లు మద్యము చేయు జపాను సంప్రదాయ విద్యను 2024 డిసెంబరులో యునెస్కో సంస్థ మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది.

ఇట్టి గౌరవము పొందిన పానీయమునకు స్వదేశమున గిరాకి పెరుగలేదు, తగ్గినది. 1973 ప్రాంతమున జపానులో సాలుకు సుమారు 17 లక్షల కిలోలీటర్ల సాకే వినియోగమయ్యెడిది. నేడది అందులో నాలుగవవంతు మాత్రమే. రాశి తగ్గిన కాలమున చిన్న కర్మాగారములవారు వాసిని పట్టుకొని నిలబడిరి. యమగాత ప్రాంతమున 1615లో స్థాపితమైన తకాగి వారి కర్మాగారము ఇందుకు నిదర్శనము. ఆ వంశమున 15వ తరమువాడైన తకాగి అకిత్సున 1990 తరువాతి తొలి సంవత్సరములలో స్వయముగా తయారీకి పూనుకొని, జూయోన్‌దాయ్ అను సాకేను వెలువరించెను. ఆ మాటకు పదునాలుగవ తరమని అర్థము. పండ్లను తలపించు ఆ పరిమళము దేశమును ఆకర్షించినది. మనము మొదట చెప్పిన మూడు వేల యెన్ల సీసా ఈ జూయోన్‌దాయ్‌లోని హొన్‌మారు అను రకమే.

గిరాకి ఇంత యుండగా ఉత్పత్తిదారుడే ధర పెంచవచ్చును గదా యని పాఠకులకు తోచవచ్చును. పెక్కుమంది పెంచరు. తమ పానీయము సామాన్య గృహస్థుని భోజనపు బల్లకు చేరవలెనని వారి కోరిక. అందుచే తాము ఎంచుకొని ఒడంబడిక చేసికొన్న దుకాణములకే సరకు పంపుదురు. అవి చల్లని గదులలో సీసాలను కాపాడి, న్యాయమైన ధరకు అమ్మును. వచ్చినవారందరికి సరిపోదు గనుక కొన్ని దుకాణములు చీటీలు తీయును. కొన్ని చిరకాలపు ఖాతాదారులకే ఇచ్చును. ఈ చీటీల వరుసలోనికి మారుబేరగాడు ప్రవేశించును. దుకాణపు ధరకును జనుల ఆశకును నడుమనున్న ఎడమే వాని లాభము.

చట్టము ఏమనును? జపానులో 1953 నాటి మద్యపు పన్ను చట్టము ప్రకారము, మద్యమును వ్యాపారముగా అమ్మువారు పన్నుల కార్యాలయమునుండి లైసెన్సు పొందవలెను. కానుకగా వచ్చి ఇంట మిగిలిపోయిన సీసాను ఎవరైన వేలమున అమ్ముకొన్నచో లైసెన్సు అక్కరలేదు. అదే పనిగా కొని అమ్ముచుండినచో అది వ్యాపారమగును. లైసెన్సు లేని అమ్మకమునకు ఒక సంవత్సరము వరకు ఖైదు, లేక 5 లక్షల యెన్ల వరకు జరిమానా కలదు. కాని లైసెన్సు గలవాడు ఎంత వెలకు అమ్మినను, హెచ్చు వెల యను కారణమున చట్టము అడ్డురాదు. పైగా, ఇంత ధరకే అమ్మవలెనని ఉత్పత్తిదారుడు దుకాణదారుని నిర్బంధించుటను వ్యాపార పోటీని కాపాడు చట్టము నిషేధించుచున్నది. ఉత్పత్తిదారునికి మిగిలినది విన్నపమొక్కటే.

అట్టి విన్నపము బహిరంగముగనే జరిగినది. 2017 డిసెంబరు 10వ తేదీన, దస్సాయ్ తయారుచేయు ఇవాకుని నగరపు సంస్థ, నాడు అసాహి షుజో అను పేరుతో నున్నది, యొమియూరి పత్రికలో నిండుపుట ప్రకటన వేయించెను. తమ సరకును దయచేసి హెచ్చు వెల పెట్టి కొనవలదని అందు కొనుగోలుదారులను వేడుకొనెను. సక్రమమైన ధరలను, సుమారు 630 అధీకృత దుకాణముల పేర్లను ప్రకటించెను. తన వస్తువునకు వెల హెచ్చినందుకు విచారించు వర్తకుని మనము తరచుగా చూడము. ఆ విచారమునకు కారణము ధర యొక్కటియే కాదు, సాకే స్వభావము.

విస్కీ ఘాటైన మద్యము. మూత తీయని సీసాలో దశాబ్దములు నిలుచును. కొన్ని ద్రాక్షసారాయములు సీసాలోనే పరిపక్వమగును. సాకే అట్టిది కాదు. మన తాటికల్లువలె ఒక్కపూటలో పులియకపోవచ్చును గాని, పెక్కు రకములు కొద్ది నెలలలో త్రాగవలసినవే. ఎండ తగిలినచో దుర్వాసన పట్టును. వేడి తగిలినచో రంగు ముదిరి, పూలవంటి పరిమళము పోయి, ముక్కవాసన వచ్చును. వేడిచేసి సూక్ష్మజీవులను చంపని పచ్చి సాకేను ఎల్లవేళల శీతలముననే ఉంచవలెను. మారుబేరగాని అటకమీద ఒక వేసవి గడపిన సీసా వెల పెరుగుచుండవచ్చును. లోపలి వస్తువు విలువ తరుగుచునే యుండును. దానిని పదింతల సొమ్మిచ్చి కొనినవాడు రుచి చూచి, నిందించునది మారుబేరగానిని కాదు, సీసాపై పేరున్నవానిని. సొమ్మొకడిది, సోకొకడిది అను సామెత మనకు తెలిసినదే. ఇచ్చట లాభమొకడిది, అపకీర్తి యొకడిది.

మారుబేరగాని వాదమును సైతము వినవలెను. దూరప్రాంతమున నుండి చీటీలలో పాల్గొనలేనివానికి తాను సరకు అందించుచున్నాననియు, ఇష్టపడి ఇచ్చువాని సొమ్మునే పుచ్చుకొనుచున్నాననియు అతడు చెప్పును. ఇందు కొంత నిజము లేకపోలేదు. అయినను హెచ్చిన సొమ్ములో ఒక్క యెన్ కూడ వరి పండించిన రైతుకు గాని, తొట్టికడ రాత్రులు మేల్కొన్న పనివానికి గాని చేరదు. ఈ లోపమును సవరించుటకు ఫుకుయ్ ప్రాంతపు కొకురియూ సంస్థ వేరొక త్రోవ త్రొక్కినది. మంచునకు సమీపమైన చలిలో తామే యేండ్ల తరబడి పక్వము చేసిన మునీ అను సాకేను 2018లో తమ విక్రేతలకు రుచి చూపి, వారిచే వేలము పాడించినది. కాలము విలువ పెంచునట్లు తయారుచేసి, ఆ పెరిగిన వెల తయారుచేసినవానికే దక్కునట్లు చేయుట ఇందలి విశేషము.

జపానులో నివసించు మనవారికెవరికైన కానుకగా మేలైన సాకే సీసా వచ్చి, దానిని అమ్మదలచినచో జాగ్రత్తలు కొన్నియే. మూత తీయక, నిలువుగా, చీకటిలో, చలిలో ఉంచవలెను. పెట్టెను, చీటీని చెదరనీయరాదు. వెల పెరుగునని నిరీక్షింపక వెంటనే లైసెన్సు గల కొనుగోలు దుకాణమునకు చూపవలెను. ఎట్లు నిలువచేసినదియు దాచక చెప్పవలెను. ఖాళీ సీసాను అమ్మకుండుటయే మేలు. పేరున్న సీసాలో పేరులేని సరకు నింపువారికి అది ఆయుధమగును. కొనువారు, ధర ఎంత యని అడుగుటకు ముందు, ఈ సీసా ఇన్నాళ్లు ఎచ్చట నున్నదని అడుగవలెను.

బంగారము బీరువాలో నున్నను బంగారమే. సాకే అట్లు కాదు. అది బియ్యమునుండి పుట్టినది. అన్నమువలె వేళకు వడ్డింపబడుటకే తయారైనది. అనుభవించవలసిన వస్తువును ఆస్తిగా దాచినచో, వెల చీటీమీద నిలుచును గాని విలువ సీసాలో నిలువదు.