తీగకు గుచ్చిన చీటీలు

మా పిండిమరలో స్విచ్చిబోర్డు పక్కన ఒక అద్దం ఫ్రేము ఉంటుంది. దాని మీద ఎప్పుడూ బియ్యప్పిండి పేరుకునే ఉంటుంది. కొంగుతో తుడిస్తే లోపల మునిసిపల్ లైసెన్సు కనిపిస్తుంది. మా మామగారు మర పెట్టిన ఏడాది నుంచీ ఫ్రేము అదే, లోపలి కాగితం మాత్రం ఏటా మారుతుంది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక చాలా ఏళ్ళు నాకది మార్చి నెల ఖర్చుల్లో ఒకటి. కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, మర లైసెన్సు.

ఒక వేసవిలో మా ఎదురింటి మాస్టారు మునిసిపల్ ఆఫీసులో అర్జీ పెట్టారు. పెళ్ళిళ్ళ రోజులు, గిరాకీ ఎక్కువ, మేం తెల్లవారుజామున నాలుగింటికే మర వేస్తున్నాం. శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. ఆయన ఫ్రేము దించి, మేకులు పీకి, కాగితం వెనక్కి తిప్పి నా చేతికిచ్చాడు. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా మర ఆడించాలో, పిండి దుమ్ము వీధిలోకి పోకుండా ఏం చేయాలో, మోటారు చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో వరసగా రాసి ఉంది. "ముందువైపు మీరు కట్టిన డబ్బమ్మా, వెనకవైపు మీరిచ్చిన మాట" అన్నాడు. ఆ రోజు దాకా ఆ కాగితానికి వెనకవైపు ఉందని కూడా నాకు తెలీదు.

ఆఫీసు వాళ్ళు దీన్ని 'డీ అండ్ ఓ లైసెన్సు' అంటారు. చుట్టుపక్కల వాళ్ళ ప్రాణానికో, ఆరోగ్యానికో ముప్పు తెచ్చేవి, పక్కింటివాళ్ళకు ఇబ్బంది పెట్టేవి అయిన వ్యాపారాలకు ఇచ్చే లైసెన్సు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం ప్రకారం ఇస్తారు. ఆ చట్టానికి మూలం మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో వచ్చిన 1920 చట్టం. బాణసంచా, బొగ్గు, ఇటుకలు, బేకరీ, పిండిమర ఇలా ఒక పెద్ద పట్టిక. తెలంగాణలో కూడా చాలాకాలం 1965 చట్టమే నడిచింది, 2019లో వాళ్ళు కొత్త చట్టం తెచ్చుకున్నారు. చట్టం ఏదైనా సంగతి ఒకటే: నీ బతుకుతెరువు నీది, కానీ పక్కింటి పసిపిల్లకు ఆ దుమ్ము తగలకూడదు. ఎదురింటి మాస్టారి మీద నాకు కోపం ఉండేది. తర్వాత ఆలోచిస్తే ఆయన అడిగింది మేం ఇచ్చిన మాట నిలబెట్టుకోమనే.

2014లో మా వార్డు మహిళలకు వచ్చింది. రోజూ మరకు వచ్చే ఆడవాళ్ళే నన్ను నిలబెట్టారు. మార్చి 30న పోలింగు. లెక్కింపు మే 12న జరిగింది. ఓట్లు అలా మిషన్లలో ఉండగానే, మే 1న, వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ సంగతి నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది. కౌన్సిలర్‌గా ప్రమాణం చేసిన రోజున తెలిసుంటే ఒక తప్పు చేసి ఉండేదాన్ని కాదు.

మొదటి సమావేశానికి వెళ్ళేటప్పుడు, ఊళ్ళో లైసెన్సులన్నీ మా ముందుకొస్తాయనీ, ఇవ్వాలో వద్దో మేం చేతులెత్తి చెబుతామనీ అనుకున్నాను. మా వార్డువాళ్ళూ అలాగే అనుకున్నారు. "మా వాడి బేకరీ లైసెన్సు కాస్త చూడమ్మా" అని ఇంటికొచ్చేవారు. నిజానికి లైసెన్సు మీద సంతకం కమిషనర్‌ది. శానిటరీ ఇన్‌స్పెక్టరు చోటు చూసి నివేదిక రాస్తాడు, దాన్ని బట్టి కమిషనర్ ఇస్తాడు. కౌన్సిలర్ మాట మీద ఇవ్వకూడదు, కౌన్సిలర్ మాట మీద ఆపకూడదు. ఇది మంచి ఏర్పాటే. లేకపోతే ఓటెయ్యని వాడి కొట్టు తెరుచుకోదు.

మరి కౌన్సిల్ చేసేదేమిటంటే, ఏ వ్యాపారానికి ఎంత ఫీజు, సంత ఎక్కడ, ఆశీలు ఎంత, ఏ పనికి ఎంత ఖర్చు అన్నవి తేలుస్తుంది. దాన్ని తీర్మానం అంటారు. ఊరికి శాశ్వతంగా ఒక నియమం పెట్టాలంటే బైలా చెయ్యాలి. దాని దారి పొడుగు. ముసాయిదా ప్రకటించాలి, ప్రజల నుంచి అభ్యంతరాలు పిలవాలి, చివరికి ప్రభుత్వం ఆమోదించాలి. ఆ ముసాయిదాను ఆఫీసు నోటీసుబోర్డులో అంటిస్తే ఆగి చదివినవాళ్ళను నేను చూడలేదు. ఊరివాళ్ళు అడగరని తెలిస్తే రాసేవాళ్ళ కలం ఎటైనా పోతుంది.

అజెండా పుస్తకం సమావేశానికి మూడు రోజుల ముందు ఇంటికొస్తుంది. భాష కోర్టు కాగితం లాగా ఉంటుంది. "కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం" అని ప్రతి అంశం ముగుస్తుంది. నేను రాత్రిపూట మర కట్టేశాక పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివేదాన్ని. కానీ పుస్తకంలో లేని అంశాలు కొన్ని అక్కడికక్కడే వస్తాయి. టేబుల్ అజెండా అంటారు. కూర్చున్నాక ఒక్క కాగితం పంచుతారు, చదివేలోపే "ఆమోదమా?" అంటారు.

ఆశీలు గురించి కాస్త చెప్పాలి. తోపుడు బండి, గంప, సంతలో చాప పరుచుకున్న వాళ్ళు మునిసిపాలిటీకి రోజూ కట్టేదే ఆశీలు. మా ఊళ్ళో దాన్ని ఆఫీసు నేరుగా వసూలు చేసేది కాదు, ఏటా మార్చిలో పాట పెట్టేది. ధరావత్తు కట్టినవాళ్ళు హాల్లో కూర్చుంటే ముందు 'సర్కారు వారి పాట' వినిపిస్తారు. అక్కణ్ణించి పైకి పాడతారు. హెచ్చు పాట పాడినవాడికి ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ మార్చి 31 దాకా వసూలు హక్కు. మునిసిపాలిటీకి డబ్బు ముందే చేతిలో పడుతుంది. పాట పెరిగిందని మేమందరం బల్లలు చరిచి సంతోషించేవాళ్ళం. పెరిగిన ఆ డబ్బు పాటదారు ఎక్కణ్ణించి రాబట్టుకోవాలి? కౌన్సిల్ గంపకు ఐదు రూపాయలని రాస్తే రోడ్డు మీద పది అడుగుతారు. రేట్ల బోర్డు సంత గుమ్మం దగ్గర పెట్టాలని పాట షరతుల్లోనే ఉంది. బోర్డు పెట్టరు, పెట్టినా దాని మీద సినిమా పోస్టరు పడుతుంది. నేను మొదటిసారి జీరో అవర్‌లో లేచి మాట్లాడింది ఆ బోర్డు గురించే.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు. జూలై సమావేశంలో టేబుల్ అజెండాగా ఒక కాగితం వచ్చింది. బస్టాండు రోడ్డులో రాకపోకలకు అడ్డుగా ఉన్న బళ్ళు, గంపలు తొలగించుటకు కౌన్సిల్ వారి ఆమోదం నిమిత్తం. యాత్రికులు వస్తారు, రోడ్డు వెడల్పుగా ఉండాలి, నిజమే అనిపించింది. చెయ్యెత్తాను. అందరం ఎత్తాం. ఏకగ్రీవం.

నాలుగో రోజు పొద్దున్నే జేసీబీ వచ్చింది. ఆ మధ్యాహ్నం మా మర అరుగు మీదకు పూలమ్మే పెద్దమ్మ ఒకామె వచ్చి కూర్చుంది. శ్రావణమాసం రాబోతోంది, ఏడాది మొత్తంలో ఆమెకు నాలుగు డబ్బులు మిగిలే రోజులవి. గంప ట్రాక్టరులో ఎక్కించుకుపోయారని చెప్పి, సంచీలోంచి ఒక ఇనప తీగ తీసింది. కొట్లలో బిల్లులు గుచ్చే తీగ, కొన వంచి కొక్కెంలా చేసింది. దాని నిండా ఆశీలు చీటీలు. పాటదారు మారినప్పుడల్లా చీటీ రంగు మారుతుంది కాబట్టి అడుగున పసుపు, ఆ పైన గులాబీ, ఆకుపచ్చ, మళ్ళీ పసుపు, తీగ పొడుగునా పట్టీలు పట్టీలుగా ఉన్నాయి. వానలో తడిసి అంటుకుపోయిన వాటిని ఆమె గోటితో విడదీసి చూపించింది. పదకొండేళ్ళ చీటీలు.

"రోజూ కట్టానమ్మా. మీ ఆపీసోళ్ళు రోజూ తీసుకున్నారు. ఇయ్యాల నేను అడ్డమా?" అంది.

ఒక చీటీ తీసి చూశాను. మునిసిపాలిటీ పేరుంది, వరస నంబరుంది, రూపాయలు ఐదు అనుంది, తేదీ ముద్ర ఉంది. ఆమె పేరు లేదు. పదకొండేళ్ళు ఊరు ఆమె దగ్గర డబ్బు తీసుకుంది, ఒక్కనాడూ ఆమె పేరు రాయలేదు. మర లైసెన్సు మీద మా మామగారి పేరు నిలువెత్తు అక్షరాల్లో ఉంటుంది. ఇద్దరం ఇచ్చేది ఆ ఊరికే.

ఆ రాత్రి మా అబ్బాయి కంప్యూటర్‌లో 2014 చట్టం వెదికి, తెలుగులో చెబుతూ పోయాడు, నేను రాసుకున్నాను. ముందు ఊళ్ళో వీధి వ్యాపారులందరినీ సర్వే చెయ్యాలి. సర్వే పూర్తయి, అందరికీ అమ్మకపు ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, వేరే చోటికి పంపకూడదు. ఆ తర్వాతైనా కదిలించాలంటే 30 రోజుల నోటీసు. సరుకు పట్టుకుంటే పట్టీ రాసివ్వాలి. పూలు, పళ్ళు, ఆకుకూరలు లాంటి పాడయ్యే సరుకు అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో. ఎక్కడ అమ్మవచ్చు, ఎక్కడ షరతులతో అమ్మవచ్చు, ఎక్కడ అసలు అమ్మకూడదు అన్నది తేల్చడానికి పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షుడు కమిషనరే, కానీ సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులు ఎన్నుకున్న వాళ్ళుండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. ఊరి జనాభాలో రెండున్నర శాతం మందికి చోటు చూపాలి. అంటే లక్ష మంది ఉన్న ఊళ్ళో 2,500 మందికి. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, దానికి హద్దులు పెట్టవచ్చు గానీ లేదనకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

మా తీర్మానం నాటికి మా ఊళ్ళో సర్వే జరగలేదు. కమిటీ లేదు. నోటీసూ లేదు. నేను చెయ్యెత్తింది చట్టం వద్దన్న పనికి.

మర్నాడు ఆ రాసుకున్న కాగితం పట్టుకుని కమిషనర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, గంపలు ఇచ్చేయమని ఫోను చేశారు. అప్పటికే పూలు కుళ్ళిపోయాయి. గంప మాత్రం వచ్చింది. పుష్కరాల పన్నెండు రోజులూ వాళ్ళు రోడ్డుకు ఒక పక్కనే కూర్చున్నారు, యాత్రికులు వాళ్ళ దగ్గరే పూలు కొనుక్కున్నారు, ఎవరికీ ఏ అడ్డమూ రాలేదు. తర్వాతి సమావేశంలో నా అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చాను. "అప్పుడు చెయ్యెత్తి ఇప్పుడు ఇదేంటమ్మా" అని ఒకరిద్దరన్నారు. అవును, అప్పుడు తెలీక ఎత్తాను, ఇప్పుడు తెలిసి దించుతున్నానని చెప్పాను.

సర్వేకు పట్టణాల్లో పేదరిక నిర్మూలన పనులు చూసే మెప్మా వాళ్ళు దిగారు. పొద్దున పదింటికొచ్చి మధ్యాహ్నానికి ముగించారు. మా ఊళ్ళో సగం బళ్ళు సాయంత్రం ఆరు తర్వాతే రోడ్డెక్కుతాయి. బజ్జీలు, పునుగులు, నూడుల్స్, ఉడికించిన వేరుశెనగలు. వాళ్ళెవరూ లెక్కలో లేరు. మళ్ళీ రావాలని పట్టుబట్టి, రెండు రాత్రులు నేనూ సర్వే చేసే అమ్మాయిలతో తిరిగాను. అలా పేర్లెక్కి, గుర్తింపు కార్డులు అచ్చై చేతికి రావడానికి ఏడాది దాటింది. పెద్దమ్మకు పాత చోటు దక్కలేదు, నలభై అడుగుల అవతల గోడ వారన ఇచ్చారు. బేరం కొంత తగ్గిందంటుంది. కానీ ఆమె మెడలో కార్డుంది, దాని మీద ఆమె ఫొటో, ఆమె పేరు.

2019 జూలైలో మా పదవీకాలం అయిపోయింది. 2021 మార్చిలో మళ్ళీ ఎన్నికలయ్యేదాకా ప్రత్యేకాధికారి పాలన. కౌన్సిల్ లేని ఆ రోజుల్లోనే 2020లో కరోనా వచ్చింది. అదే ఏడు జూన్‌లో కేంద్రం వీధి వ్యాపారులకు స్వనిధి పథకం కింద పది వేల అప్పు ప్రకటిస్తే, కార్డున్నవాళ్ళు నేరుగా బ్యాంకుకు వెళ్ళారు. సర్వేలో పేరు లేనివాళ్ళు మునిసిపాలిటీ నుంచి సిఫారసు లేఖ కోసం వరసలో నిలబడ్డారు. ఆ రెండు రాత్రులు ఎందుకు తిరిగానో అప్పుడు మా ఇంట్లోవాళ్ళకు అర్థమైంది.

ఇప్పుడు నేను మళ్ళీ మర దగ్గరే ఉన్నాను. వచ్చినవాళ్ళకు చెప్పేది మీకూ చెబుతున్నాను. కొట్టు లైసెన్సుంటే ఒకసారి దింపి వెనకవైపు చదవండి. మీ వార్డు కౌన్సిలర్‌ను ఈ నెల అజెండా చూపించమనండి, టేబుల్ అజెండాలో ఏమొచ్చిందో మర్నాడు అడగండి. తీర్మానం నకలు సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. సంతకెళ్తే రేట్ల బోర్డు ఎక్కడుందో చూడండి. రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ఆశీలు కట్టినప్పుడు చీటీ అడిగి తీసుకోమనండి. పారేయొద్దు. తేదీ చూసుకుని తీగకు గుచ్చి పెట్టుకోమనండి.