పట్టణములను తప్పించుకొని పోయిన రైలు

మన దేశమున రైలనగనే సర్కారు సొత్తని తలచుట అలవాటు. అది దివాలా తీయునని ఎవరును ఊహింపరు. అమెరికాలో అట్లు కాదు. అచ్చట రైలుమార్గము కంపెనీ ఆస్తి. బాకీ తీరనినాడు దుకాణమునకువలె దానికిని తాళము పడును. 'న్యూయార్కు, అంటారియో అండ్ వెస్టర్న్' అను దాదాపు 540 మైళ్ల మార్గమునకు ఈ గతియే పట్టెను.

దాని జాతకము మొదటినుండియు బాగులేదు. అంటారియో సరస్సు ఒడ్డుననున్న ఆస్వీగో రేవును న్యూయార్కు మహానగరముతో కలుపవలెనని 1866లో ఆ ఊరి రాజకీయనాయకుడు డివిట్ లిటిల్‌జాన్ పూనుకొనెను. ధనము చాలలేదు. ఋణపత్రములు జారీచేసి సొమ్ము సమకూర్చిన ఊరిమీదుగా రైలు పోవునని ఆశపెట్టిరి. చిన్న ఊళ్లు ఉత్సాహముతో ముందుకు వచ్చెను. ఇంకేమి, సరకు దండిగా దొరకు సిరాక్యూజ్ వంటి పట్టణములను ప్రక్కకు విడిచి, మార్గము చందా ఇచ్చినవారి గుమ్మములు త్రొక్కుచు వంకరలు తిరిగెను. లోయల వెంబడి సాగుటకు మారుగా లోయలకు అడ్డముగా కొండలెక్కి దిగెను. 1873లో పని పూర్తియయ్యెను. ఆ సంవత్సరమే కంపెనీ దివాలా తీసెను. రైలు లాభమెరుగకున్నను ఊళ్లవారు మాత్రము ఆ ఋణమునకై దశాబ్దముల తరబడి పన్నులు కట్టవలసివచ్చెను.

1880లో క్రొత్త పేరుతో మరల నిలిచిన ఈ మార్గమునకు ఊపిరి పోసినది బొగ్గు. 1890లో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ గనులవరకు శాఖ వేసిరి. అచ్చటి ఆంత్రసైటు పొగ తక్కువగా మండును; చలికాలమున ఇండ్లు వెచ్చచేసికొనుటకు అదియే ఆధారము. పాడిపల్లెల పాలు, వేసవిలో కాట్‌స్కిల్ కొండలకు పోవు నగరవాసులు దీనికి తోడైరి.

ఈ మూడును జారిపోయెను. ఇండ్లలోనికి నూనెయు గ్యాసును వచ్చెను. పాలు లారీ ఎక్కెను. విహారమునకు పోవువారు సొంత కారు కొనిరి. గిరాకి తగ్గి బొగ్గు కంపెనీలు కూలగా 1937లో రైలు కంపెనీ న్యాయస్థానపు రక్షణ కోరెను. లారీలను నిందించుట సులభము. మా దృష్టిలో మాత్రము అసలు దోషము ఆ వంకర దారిదే. మంచి ఊళ్లను కలుపుచు పోయిన మార్గమైనచో ఒక సరకు పోయినను మరియొకటి దొరకెడిది.

ఆపైన ఇరువదియేండ్లు అప్పులతోనే ఈదెను. బొగ్గు కూడు తిని బ్రతికిన ఆ రైలే 1948 నాటికి ఆవిరియంత్రములను పూర్తిగా తొలగించి డీజిల్‌ను ఆశ్రయించుట విధి విలాసము కాక మరేమి! ఖర్చు తగ్గెను గాని పాత బాకీలు తరుగలేదు. 1953లో ప్రయాణికుల బండ్లు నిలిచెను. 1957 మార్చి 29న సరకు బండ్లును ఆగెను. అంతటి పెద్ద రైలుమార్గము ఆసాంతము మూతపడుట అమెరికాలో అదియే మొదలు. ఉద్యోగులు వీధిన పడిరి. కొన్ని తునకలను పొరుగు రైలు కంపెనీలు కొనెను. మిగిలిన పట్టాలను ఊడబెరికి తుక్కుక్రింద అమ్మిరి. సలివాన్ జిల్లాలో ఆ కట్టపై కొంత దూరము నేడు జనులు షికారు నడచుచున్నారు.