పోలెంటా నేర్పిన పాఠం

ఇటలీ భోజనం అనగానే మనకు పిజ్జా గుర్తుకు వస్తుంది. కాని ఉత్తర ఇటలీలోని వెనెటో, లొంబార్డీ పల్లెలలో తరతరాలుగా పేదవారి కడుపు నింపినది పోలెంటా. ఇది ఇంచుమించు మన సంకటి వంటిదే. రాగి పాత్రలో ఉప్పు నీళ్ళు మరిగించి, మొక్కజొన్న పిండిని కొద్దికొద్దిగా పోస్తూ, కర్రతో ముప్పావు గంటసేపు కలియబెడతారు. గట్టిపడిన తరువాత చెక్క పీటపై కుమ్మరించి, దారంతో ముక్కలుగా కోసి ఇంటిల్లిపాదీ పంచుకుంటారు.

మొక్కజొన్న అమెరికా ఖండం నుండి 16వ శతాబ్దంలో వెనెటో చేరింది. దిగుబడి బాగుండడంతో క్రమంగా కూలీల ఇళ్ళలో పూటపూటకూ అదే భోజనమైంది. మాంసం, పాలు, చేపలు వారికి అందేవి కావు.

చర్మం గరుకైన జబ్బు

వసంతకాలపు ఎండ తగలగానే ఆ కూలీల చేతులు, మెడ ఎర్రబడి, నల్లబడి, పగిలేవి. తరువాత విరేచనాలు, ఆపైన మతిభ్రమణం. ఎందరో పిచ్చాసుపత్రులలో చనిపోయారు. 1771లో మిలాన్ వైద్యుడు ఫ్రాన్సెస్కో ఫ్రపోల్లి ఈ జబ్బును 'గరుకు చర్మం' అనే అర్థం గల పెల్లగ్రా అనే పేరుతో వర్ణించాడు. చెడిపోయిన మొక్కజొన్నలోని విషమే కారణమని చాలాకాలం నమ్మారు. నయాసిన్ అనే బి-విటమిన్ లోపమే కారణమని 1937 తరువాత స్పష్టమైంది.

మొక్కజొన్నలోని నయాసిన్ మన శరీరానికి సులభంగా అందదు. మెక్సికో ప్రజలు గింజలను సున్నపు నీటిలో ఉడికించి వాడేవారు కనుక వారికి అందేది. గింజ సముద్రం దాటింది గాని, ఆ వంట పద్ధతి దాటలేదు!

ఇది మనకు దూరపు సంగతి కాదు. జొన్నలే ముఖ్యాహారంగా తినే దక్కను పేదలలోనూ పెల్లగ్రా ఉన్నదని 1960లో హైదరాబాదు శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా తెలిపారు.

తోడుంటేనే బలం

ఇటలీలో పేదల వంటలన్నీ ఇలా లేవు. దక్షిణాన పూలియాలో ఎండు ఫావా చిక్కుడు గింజలను మెత్తగా ఉడికించి, చేదుగా ఉండే చికోరి ఆకుకూరతో, ఆలివ్ నూనెతో తింటారు. టస్కనీలో నిలవ రొట్టె, తెల్ల చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ కలిపి 'రిబొల్లీతా' అనే పులుసు కాస్తారు. 'మళ్ళీ కాచినది' అని దాని అర్థం. ఇవీ పేదల వంటలే. కాని ధాన్యానికి పప్పుగింజలు, ఆకుకూరలు తోడైనాయి. పోలెంటా కూడా పాలతోనో, చేపతోనో, చిక్కుళ్ళతోనో తింటే మంచి ఆహారమే. తప్పు గింజది కాదు, అదొక్కటే తినవలసి రావడానిది.

మనం గమనించవలసినవి

* జొన్నరొట్టె, అన్నం, సంకటి ఏది తిన్నా పప్పు, ఆకుకూర తోడుగా ఉండాలి.
* వేరుశనగలలో నయాసిన్ బాగా ఉంటుంది. గుప్పెడు వేయించి పిల్లలకు పెట్టండి.
* వీలైనప్పుడు గుడ్డు, చేప, పాలు చేర్చండి.
* మద్యానికి అలవాటుపడి సరిగా తినని వారికి నేటికీ పెల్లగ్రా రావచ్చు.
* ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగులుతూ, నోటిపూత, విరేచనాలు కూడా ఉంటే పైపూతలతో కాలం గడపక డాక్టరుకు చూపించండి. సకాలంలో గుర్తిస్తే ఇది మాత్రలతో, మంచి ఆహారంతో నయమయ్యే జబ్బు.

ఈ రాత్రి వడ్డించేటప్పుడు ఒక్కసారి కంచం వైపు చూడండి. అన్నం పక్కన ఏముంది?