పదునుకు ధరెంత... పేరుకు ధరెంత?

మడిచి జేబులో వేసుకునే చాకు. తిరునాళ్లలో కొంటే వందో, నూటయాభయ్యో. అదే అమెరికాలో క్రిస్ రీవ్ కంపెనీ చేసే ‘సెబెంజా’ కావాలంటే 400 డాలర్ల పైమాటే... మన లెక్కలో 30 వేలు దాటినట్టే! రెండూ జామకాయ కోస్తాయి, తాడు తెంపుతాయి. మరి అంత తేడా దేనికి? విదేశంలో ఉన్న అబ్బాయి ఫోన్ చేసి ‘నాన్నా, మంచి చాకు తెమ్మంటావా?’ అని అడిగితే ఏం చెప్పాలి?

నెల్లూరు తీరంలోని కోట లాంటి చోట ఈ సంగతి తేల్చేది ఉప్పుగాలి. వలతాడు తెంపాలన్నా, రొయ్యల గుంట దగ్గర మేత బస్తా విప్పాలన్నా చాకు ఉండాల్సిందే. లారీ కమాను పట్టాతో కమ్మరి చేసిచ్చే కత్తికి పదును బాగా వస్తుంది. కానీ తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. గూడూరు నిమ్మకాయ కోసి తుడవకపోతే నల్లమచ్చలు. కాబట్టి ఇక్కడ చాకు విలువంటే పదును ఒక్కటే కాదు, తుప్పును తట్టుకోవడం కూడా.

డబ్బంతా ఎక్కడికి?

మొదటిది ఉక్కు. ఖరీదైన చాకుల కోసం 2001లో అమెరికాలోని క్రూసిబుల్ కంపెనీ ‘ఎస్30వి’ అనే ఉక్కు తెచ్చింది. లోహాన్ని పొడిచేసి, వేడితో ఒత్తిడితో మళ్లీ ముద్దచేస్తారు. అందులో 4 శాతం వెనేడియం. అందుకే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. రెండోది కాల్చి చల్లార్చే పద్ధతి. మంచి ఉక్కయినా ఇక్కడ తేడా వస్తే వృథాయే. మూడోది పనితనం... మడత దగ్గర వెంట్రుకంత వదులు కూడా లేకుండా అమర్చడం. ఈ మూడింటికీ పెట్టిన డబ్బు పనికొస్తుంది. ఆపైన పెట్టేదంతా పేరుకూ, అరుదుగా దొరుకుతుందన్న మోజుకూ.

ఉక్కుకు విలువ కట్టడం మనకు కొత్తేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వ్యాపారులే వచ్చేవారు. ‘ఊట్జ్’ అన్న ఇంగ్లిషు మాట మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందని చాలామంది పండితులు అంటారు.

చవకైతే చెడ్డదా?

అస్సలు కాదు. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన పనిశాలే నేటి విక్టోరినాక్స్. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చెక్కపిడి చాకు చేశాడు. రెండూ ఫ్యాక్టరీ సరుకే. వందేళ్లు దాటినా జనం కొంటూనే ఉన్నారు. విక్టోరినాక్స్ ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది, ఎస్30వి 60 దగ్గర. మెత్తన కాబట్టి విక్టోరినాక్స్ త్వరగా మొద్దుబారుతుంది. కానీ ఇంట్లో సానరాయి మీద నాలుగు సార్లు రుద్దితే చాలు, మళ్లీ పదునే. ఎస్30విలోని వెనేడియం రేణువులు మామూలు సానరాయికన్నా గట్టివి. దానికి వజ్రపు పొడి అద్దిన సానపలక కావాలి. పోనీ కదా అని వేగంగా తిరిగే సానచక్రానికి ఇచ్చారో... అంచు కాలి నీలిరంగు తిరుగుతుంది, గట్టిదనం పోతుంది. ముప్ఫై వేలూ నిప్పురవ్వల పాలే!

ఉప్పునీటి పనివాళ్లకు ఇంకో దారి ఉంది. కర్బనం బాగా తగ్గించి నైట్రోజన్ కలిపిన ‘హెచ్1’ లాంటి ఉక్కులు దాదాపు తుప్పు పట్టవు. పదును కొంచెం తొందరగా తగ్గినా తీరంలో అవే మేలు.

కొనేముందు చూడండి

అలుగు తెరిచి అటూఇటూ కదపండి. ఊగితే వద్దు. తెరిచాక తాళం గట్టిగా పడాలి, లేకపోతే వేళ్లకే ప్రమాదం. మూసినప్పుడు అలుగు పిడికి సరిగ్గా మధ్యలో ఉండాలి. అలల్లాంటి ‘డమాస్కస్’ గీతలు చూసి మురిసిపోకండి. చవక చాకుల మీద వాటిని లేజర్‌తోనూ గీస్తారు. అబ్బాయి విమానంలో తెస్తుంటే చేతిసంచిలో కాదు, చెకిన్ పెట్టెలో పెట్టమనండి.

ఇక ఆ ఫోన్‌కు జవాబంటారా? రోజూ ఎడతెగకుండా కోసే పనుండి, సానపట్టడం తెలిస్తే ఖరీదైన ఉక్కు దండగ కాదు. అప్పుడప్పుడూ వాడే ఇంటికి విక్టోరినాక్సే ఎక్కువ. అన్నట్టు ‘సెబెంజా’ అంటే జులూ భాషలో ‘పని’ అని అర్థం. గీత పడుతుందేమోనని దాన్ని బీరువాలో దాచేట్టయితే మాత్రం, ఆ డబ్బుతో అబ్బాయిని ఓసారి ఊరికి రమ్మనండి!