రాత్రివేళ నిలువని కాళ్ళు: మెదడు, నరముల పాత్ర

పగలెల్ల పొలమున పనిచేసి వచ్చి, రాత్రి పక్కపై మేను వాల్చగానే కొందరికి కాళ్ళలో చెప్పరాని అలజడి బయలుదేరును. పిక్కల లోపల చీమలు పాకినట్లును, నరములను ఎవరో గుంజుచున్నట్లును తోచును. కాళ్ళు కదపక ఉండలేరు. లేచి నాలుగడుగులు వేసిన హాయి కలుగును. పండుకొనగానే మరల మొదటికి వచ్చును. ఇంటివారు కొందరు దీనిని గాలిసోకు అందురు. కొందరు పని తప్పించుకొనుటకు వేసిన వేషమందురు. ఈ రెండును సత్యము కావు. దీనికి వైద్యులు పెట్టిన పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. బాధ కాళ్ళలో తెలియుచున్నను దాని మూలము మెదడునందును నరములయందును కలదు. ఈ సంగతిని గ్రామ పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

వ్యాధి పూర్వచరిత్ర

ఈ వ్యాధి కొత్తది కాదు. 1672లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు దీనిని వర్ణించెను. 1945లో స్వీడన్ దేశపు వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ దీని లక్షణములను సమగ్రముగా వివరించి, నేటి పేరు వాడుకలోనికి వచ్చునట్లు చేసెను. అందుచే దీనిని విల్లిస్-ఎక్‌బామ్ వ్యాధి అనియు పిలుచుచున్నారు.

మెదడులో జరుగునది

నరకణములు ఒకదాని కొకటి కబురందించుకొనుటకు కొన్ని రసాయనములు సాధనములుగా నున్నవి. వానిలో డోపమిన్ ఒకటి. అవయవముల కదలికను అదుపులో నుంచుట దాని ముఖ్యమైన పనులలో నొకటి. శరీరము డోపమిన్‌ను తయారుచేసుకొనుటకు ఇనుము కావలెను. ఈ వ్యాధి గలవారి మెదడులో, డోపమిన్ కణములుండు భాగమున, ఇనుము తక్కువగా నున్నట్లు మరణానంతర పరీక్షలలోను ఎం.ఆర్.ఐ. చిత్రములలోను కనుగొనిరి. రక్తములో ఇనుము చాలినంత ఉన్నను మెదడునకు చేరునది చాలకపోవచ్చును. చెరువు నిండియున్నను చివరి మడికి నీరందని విధము వంటిదే ఇది.

డోపమిన్ పనితీరు రాత్రింబవళ్ళ ననుసరించి మారుచుండును; సాయంకాలమునకు మందగించును. ప్రొద్దు గ్రుంకిన పిదప బాధ హెచ్చుటకు ఇది ఒక కారణమని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. వెన్నుపాములోని నరములు సైతము అవసరమునకు మించి ఉద్రేకము చెందును. రోగులలో నూటికి 80 మందికి నిద్రలో కాళ్ళు వాటంతటవి ఎగురుచుండును. సాధారణముగా 20 నుండి 40 సెకండ్ల కొకసారి ఇట్లు జరుగును. అయినను ఈ వ్యాధివలన పక్షవాతము రాదు. చెడునది నిద్ర, దానితోపాటు మరునాటి పనియు, మనశ్శాంతియు.

ఎవరికి వచ్చును?

కొన్ని కుటుంబములలో ఇది వంశపారంపర్యముగా వచ్చును. గర్భిణులలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి, విశేషించి చివరి నెలలలో, కనబడును. కాన్పు పిదప చాలమందికి తగ్గిపోవును. రక్తహీనత గలవారికిని, డయాలసిస్ చేయించుకొను మూత్రపిండముల రోగులకును ఇది ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువ మందికి రక్తహీనత ఉన్నది. కావున ఇది మన గ్రామములకు సంబంధించిన విషయమే.

గుర్తించుట ఎట్లు?

నాలుగు గుర్తులు కలవు: కాళ్ళు కదపవలెనను ఆపుకొనరాని కోరిక, విశ్రాంతివేళ అది హెచ్చుట, నడచిన తగ్గుట, సాయంకాలము, రాత్రి ఎక్కువగుట. పిక్క పట్టుటలో కండ గట్టిపడి నొప్పి పుట్టును. మధుమేహము వలన కలుగు అరికాళ్ళ మంటలు, తిమ్మిరులు నడచినంత మాత్రమున తగ్గవు. ఇవి వేరు, అది వేరు.

చేయవలసిన పనులు

అంగడిలో కొను నొప్పి మాత్రలు ఈ అలజడికి మందు కావు. అదేపనిగా వాడిన మూత్రపిండములకు చేటు కలుగును. జలుబునకు వాడు మత్తు కలిగించు మాత్రలు కొన్నియు, వాంతులు కట్టుటకిచ్చు మెటోక్లోప్రమైడ్‌ను ఈ బాధను హెచ్చింపగలవు. కావున వాడుచున్న మందులన్నియు వైద్యునికి చూపవలెను. రక్తములో ఫెరిటిన్ పరీక్ష చేయించినచో ఇనుము నిలువ తెలియును. అది లీటరుకు 75 మైక్రోగ్రాములు గాని అంతకు తక్కువ గాని ఉన్న పెద్దలకు వైద్యులు ఇనుము ఇచ్చుచున్నారు. పరీక్ష లేక స్వయముగా మింగరాదు; ఇనుము మితిమీరినను హానియే. డోపమిన్ వలె పనిచేయు మందులు మొదట ఉపశమనము నిచ్చినను, ఏండ్ల తరబడి వాడిన పలువురిలో బాధ ముదురుచున్నదని తేలినందున నేడు వైద్యులు గాబాపెంటిన్ వంటి మందులను ముందుగా ఎన్నుకొనుచున్నారు.

2018లో ఆరంభమైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమము క్రింద గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు 180 ఉచితముగా ఇచ్చుచున్నారు. ఈ మాత్రలను టీతో మింగిన ఇనుము ఒంట పట్టదు. నిమ్మరసముతో తీసికొనిన మేలు.

పంచాయతీ సభ్యులు ఈ మాత్రలు ప్రతి గర్భిణికిని అందుచున్నవో లేవో ఏ.ఎన్.ఎమ్., ఆశా కార్యకర్తల నడిగి తెలిసికొనవలెను. గ్రామ ఆరోగ్య కమిటీ సమావేశమున ఈ వ్యాధి గుర్తులను చదివి వినిపింపవలెను. రాత్రులు నిద్రలేక ఇంటిలో తిరుగాడు కోడలిని నిందింపక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొమ్మని ఆ యింటి పెద్దలకు నచ్చజెప్పవలెను. ఈ మాత్రము పనికి పంచాయతీకి పైసా ఖర్చు లేదు. ఆమెకు మాత్రము రాత్రి నిద్ర తిరిగి దక్కవచ్చును.